పసుపుపచ్చ గీత చెప్పిన పాఠాలు



పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే మన ఇళ్లలో ఒక చప్పుడు వినిపిస్తుంది. తెల్లవారుజామునే లేచిన పిల్లవాడు గోడకు ఆనుకుని కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, "ప్రమాణ ఘనపరిమాణంలో ఉండే ద్రవ్యరాశిని సాంద్రత అంటారు, ప్రమాణ ఘనపరిమాణంలో ఉండే..." అని వల్లె వేసే చప్పుడు. బళ్ళారిలో ఆ నిర్వచనం కన్నడంలో వినిపిస్తుంది. హోసూరులో తమిళంలో, బరంపురంలో ఒడియాలో, షోలాపూరులో మరాఠీలో వినిపిస్తుంది. చాలా ఇళ్లలో ఇంగ్లీషులో వినిపిస్తుంది. వంటింట్లోంచి అమ్మ వింటూనే ఉంటుంది. సాయం చెయ్యాలని ఆమెకూ ఉంటుంది. కానీ పిల్లవాడి పుస్తకంలో భాష ఆమెకు చదవడం రాదు. ఆమెకు తెలిసిన తెలుగు మాటలు వాడి పుస్తకంలో లేవు.

తరతరాల క్రితం ఊరు మారిన తెలుగు కుటుంబాలన్నిటికీ ఇది అనుభవమే. మూలకం అని మనం అనేదాన్ని తమిళ పుస్తకం తనిమం అంటుంది. కన్నడ పుస్తకం మూలవస్తు అంటుంది. మరాఠీలో అది మూలద్రవ్య, ఒడియాలో మౌళిక. సాంద్రతను మరాఠీలో ఘనత అంటారు. షోలాపూరులో చదివే మనవడు ఇంటికొచ్చి, "తాతయ్యా, ఇనుముకి ఘనత ఎక్కువ" అన్నాడనుకోండి. తాతగారు నవ్వి, "ఇనుముకేం ఘనతరా, ఘనతంతా బంగారానిదే" అంటారు. తమాషా ఏమిటంటే తాతగారు తెలియక అన్నమాట కూడా శాస్త్రం ప్రకారం సరైనదే. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.9 గ్రాములు, బంగారానిది 19.3 గ్రాములు.

మాటలు వేరైనా విషయం ఒక్కటే. అందుకని ఈ పూట నేను నిర్వచనాలు చెప్పబోవడం లేదు. ఒక కథ చెబుతాను. అది హీలియం అనే ఒక మూలకం కథ. ఆ కథ మనవాళ్లకు తెలిసిన ఊళ్ల గుండానే నడుస్తుంది. అది ముగిసేసరికి మీ పదో తరగతి భౌతిక, రసాయన శాస్త్ర పాఠాలు చాలావరకు మళ్లీ ఒకసారి మీ కళ్లముందు తిరిగి ఉంటాయి. ఒక్క కోరిక. వింటున్నప్పుడు "ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు కనిపెట్టారు" అన్నది రెండో విషయంగా పెట్టుకోండి. "వాళ్లకు వచ్చిన చిక్కు ఏమిటి" అన్నది మొదటి విషయంగా పట్టుకోండి.

1868వ సంవత్సరం ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చంద్రుడి నీడ కొంకణ తీరంలో మన దేశాన్ని తాకి, దక్కను మీదుగా సాగి, మచిలీపట్నం దగ్గర సముద్రం దాటింది. ఆ నీడ దారి వెంబడి శాస్త్రజ్ఞులు దుర్భిణులు పట్టుకుని కాచుకున్నారు. ఇప్పటి కర్ణాటకలోని జమఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్ ఉన్నారు. గుంటూరులో మేజర్ టెనెంట్ బృందం ఒకటి, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఝాన్సెన్ బృందం ఇంకొకటి ఉన్నాయి. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల నుంచి వచ్చిన పాగ్సన్ ఉన్నారు. గుంటూరులో సూర్యుడు పూర్తిగా మరుగుపడి ఉన్నది ఐదు నిమిషాలకు పైగా. ఆ ఐదు నిమిషాల కోసం సముద్రాలు దాటి వచ్చారు.

ఎందుకు వచ్చారు? వాళ్లకున్న చిక్కు ఇది. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు ఎగిసినట్టు కనిపిస్తాయి. అవి ఏమిటి? నిప్పా, మబ్బా, వాయువా? పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నదాన్ని చేతితో పట్టుకుని పరీక్షించలేం. అక్కడి నుంచి మన దగ్గరకు వచ్చేది వెలుతురు ఒక్కటే. కనుక ఆ వెలుతురునే ప్రశ్నించాలి.

వెలుతురును ప్రశ్నించడం ఎలాగో మీ పుస్తకంలో ఉంది. తెల్లని కాంతి గాజు పట్టకం గుండా వెళితే ఏడు రంగులుగా విడిపోతుంది. గాలిలోంచి గాజులోకి వెళ్లేటప్పుడు కాంతి వంగుతుంది. అది వక్రీభవనం. ఊదా రంగు ఎక్కువగా, ఎరుపు తక్కువగా వంగుతాయి. కనుక రంగులు విడివడి పట్టీలాగా పరుచుకుంటాయి. ఆ పట్టీయే వర్ణపటం. 1814లో జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ అనే అద్దాల పనివాడు సూర్యుడి వర్ణపటాన్ని జాగ్రత్తగా చూసి, అందులో వందలకొద్దీ సన్నని నల్లని గీతలున్నాయని గమనించాడు. ముఖ్యమైనవాటికి ఏ, బీ, సీ, డీ అని అక్షరాలతో పేర్లు పెట్టాడు. అవి ఎందుకున్నాయో ఆయన చెప్పలేకపోయాడు.

ఆ సంగతి 1859లో కిర్కాఫ్, బున్సెన్ చెప్పారు. మన వంటింట్లో రోజూ జరిగేదే వాళ్లు శ్రద్ధగా చూశారు. ఉప్పు వేసిన ఎసరు పొంగి పొయ్యి మీద పడితే నీలంగా ఉన్న గ్యాసు మంట ఒక్కసారి పసుపుపచ్చగా మారుతుంది కదా! ఉప్పులో ఉన్న సోడియం చేసే పని అది. ఒక్కొక్క మూలకం మంటలో ఒక్కొక్క రంగు ఇస్తుంది. పట్టకం గుండా చూస్తే ఆ రంగు కొన్ని సన్నని వెలుగు గీతలుగా కనిపిస్తుంది. ఏ రెండు మూలకాల గీతలూ ఒకే చోట పడవు. మనిషికి వేలిముద్ర ఎలాగో మూలకానికి గీతలు అలాగ. అదే మూలకపు ఆవిరి కాస్త చల్లగా ఉండి, దాని వెనక నుంచి బాగా వేడి వస్తువు వెలుతురు వస్తే, సరిగ్గా అవే చోట్ల వెలుగును అది పీల్చుకుంటుంది. అప్పుడు నల్లని గీతలు పడతాయి. మొదటిదాన్ని ఉద్గార వర్ణపటం అంటారు, రెండోదాన్ని శోషణ వర్ణపటం అంటారు. ఈ రెంటికీ తేడా రాయమని అడిగితే పొంగిన ఎసరును గుర్తుకు తెచ్చుకోండి.

కారణం తరవాతి తరంవాళ్లకు తెలిసింది. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎక్కడ పడితే అక్కడ ఉండవు. మెట్ల మీద నిలుచున్నట్టు నిర్ణీతమైన శక్తి స్థాయిల్లోనే ఉంటాయి. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దూకితే ఆ రెండు మెట్ల శక్తి తేడా కాంతిగా బయటికి వస్తుంది. మెట్ల ఎత్తు మూలకం మూలకానికీ వేరు కనుక గీతలూ వేరు. 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించిన నమూనా సారాంశం ఇదే.

ఇప్పుడు గుంటూరుకు వద్దాం. గ్రహణం పట్టింది. ఝాన్సెన్ తన వర్ణపటదర్శినిని సూర్యుడి అంచున ఎగిసిన జ్వాలకు గురిపెట్టారు. ఏడు రంగుల పట్టీ కనిపించలేదు. మిలమిలలాడే కొన్ని వెలుగు గీతలు మాత్రమే కనిపించాయి. వెలుగు గీతలంటే అర్థం ఏమిటి? వేడెక్కిన వాయువు. వాటిలో ముఖ్యమైనవి హైడ్రోజన్ గీతలు. ఎర్రటి జ్వాలలు ఏమిటన్న చిక్కు ఆ ఐదు నిమిషాల్లో వీడిపోయింది.

ఝాన్సెన్ అక్కడితో ఆగలేదు. గీతలు అంత ప్రకాశంగా ఉండటం చూసి, గ్రహణం లేని రోజున కూడా వీటిని చూడవచ్చునే అనుకున్నారు. ఆలోచన చాలా తేలిక. పగటి ఆకాశపు వెలుతురులో అన్ని రంగులూ ఉంటాయి. దాన్ని పట్టకంతో పరిస్తే పలచబడిపోతుంది. జ్వాల వెలుతురు నాలుగైదు గీతల్లోనే ఉంది. దాన్ని ఎంత పరిచినా గీత గీతగానే ఉంటుంది. కనుక ఆకాశం వెలుతురు పలచబడి గీతలు తేలి కనిపించాలి. మర్నాడు, అంటే ఆగస్టు 19న, గుంటూరులోనే పరీక్షించి చూశారు. కనిపించాయి. గ్రహణం లేకుండా సూర్యుడి జ్వాలలను చూడటం అప్పటి నుంచే వీలైంది.

ఈ సంగతి తెలుపుతూ ఆయన ప్యారిస్ అకాడమీకి సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ఉత్తరం రాశారు. యానాం శ్రోతలకు కాకినాడ పొరుగూరే కదా. ఆ ఉత్తరం ఓడలో వెళ్లి చేరింది. ఈలోగా అక్టోబరు 20న లండనులో నార్మన్ లాక్యర్ అనే ఆయన తనంతట తానుగా అదే ఉపాయం ఆలోచించి, అవే గీతలు చూశారు. లాక్యర్ అప్పటికి యుద్ధ శాఖ కార్యాలయంలో గుమాస్తా. ఖాళీ వేళల్లో దుర్భిణి ముందు కూర్చునేవారు. ఇద్దరి సమాచారమూ అక్టోబరు 26న ఒకే రోజు ప్యారిస్ అకాడమీ ముందుకు వచ్చింది. ఎవరు ముందు అన్న తగాదా లేకుండా 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం ఒకటి పోయించింది.

మరి హీలియం ఎక్కడ? ఇక్కడే మనం కాస్త జాగ్రత్తగా ఉండాలి. "హీలియం గుంటూరులో కనిపెట్టారు" అని చాలా పుస్తకాల్లో, క్విజ్ పోటీల్లో వింటాం. మన ఊరి పేరు కనుక వినడానికి బాగానే ఉంటుంది. జరిగింది మాత్రం అంత సూటిగా లేదు. గ్రహణం నాడు చూసినవారిలో కొందరికి పసుపుపచ్చ ప్రాంతంలో ఒక వెలుగు గీత కనిపించింది. పసుపుపచ్చ గీత అనగానే ఎవరికైనా తట్టేది సోడియం. సోడియం ఇచ్చే జంట గీతలకు డీ అనే పేరు అప్పటికే ఉంది. ఇదీ అదేననుకోవడం తేలిక. తీరిగ్గా కొలిచి చూసి, ఇది సోడియం చోటున పడటం లేదు, కాస్త పక్కన ఉంది అని తేల్చినవారిలో ముఖ్యుడు లాక్యర్. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ కొత్త గీత 587.6 దగ్గర ఉంది. తేడా ఒకటిన్నర నానోమీటరు కూడా లేదు. ఆ కొంచెం తేడాను కొట్టిపారెయ్యకపోవడం వల్లనే ఒక మూలకం దొరికింది. ఫ్రాంక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి లాక్యర్ ఆ గీతను ప్రయోగశాలలో హైడ్రోజన్ నుంచి రప్పించాలని చూశారు. రాలేదు. భూమి మీద ఎరుగని మూలకం సూర్యుడిలో ఉందన్నారు. గ్రీకు భాషలో సూర్యుడు హీలియోస్ కనుక దానికి హీలియం అని పేరు పెట్టారు. అది లోహమై ఉంటుందనుకుని సోడియం, కాల్షియం వరసలో చివర "యం" చేర్చారు. తరవాత అది వాయువని తేలినా పేరు మాత్రం మారలేదు.

కాబట్టి పరీక్షలో ఎలా రాయాలి? 1868 గ్రహణ సమయంలో, ఆ తరవాతా సూర్యుడి వర్ణపటంలో కనిపించిన పసుపుపచ్చ గీత వల్ల హీలియం ఉనికి తెలిసింది, ఆ పరిశీలనల్లో గుంటూరుది పెద్ద స్థానం అని రాస్తే తప్పు లేదు. మహారాష్ట్ర తీరాన ఉన్న విజయదుర్గ్ కోటలో లాక్యర్ 1868లో హీలియం కనిపెట్టారని అక్కడివారు చెప్పుకుంటారు. లాక్యర్ ఆ కోటకు వచ్చిన మాట నిజమే. కానీ వచ్చింది 1898 జనవరి గ్రహణానికి. ముప్పై ఏళ్ల తేడా ఉన్న రెండు సంఘటనలు జనం నోట కలిసిపోయాయి. ఇందులో మన సైన్సు పాఠం ఒకటి ఉంది. చూసినది వేరు, చూసినదాని నుంచి తేల్చినది వేరు. ప్రయోగం రాయమన్నప్పుడు పరిశీలన అని ఒక శీర్షిక, నిర్ధారణ అని ఇంకో శీర్షిక ఎందుకు పెట్టమంటారో ఈ కథ వల్ల తెలుస్తుంది.

లాక్యర్ మాటను రసాయన శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. పట్టుకుని చూపించలేని మూలకం ఏం మూలకం అన్నారు. అడగడంలో తప్పు లేదు. 1869లో మెండలీవ్ ఆవర్తన పట్టిక ప్రకటించినప్పుడు హీలియానికి అందులో గది లేదు. ఇలా 27 ఏళ్లు గడిచాయి.

ఈ 27 ఏళ్ల చివర్లో కథ హఠాత్తుగా సాంద్రత దగ్గరకు వచ్చింది. ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే ఆయన నైట్రోజన్ సాంద్రత కొలుస్తున్నారు. గాలిలోంచి ఆక్సిజన్ వగైరా తీసేయగా మిగిలిన నైట్రోజన్ లీటరుకు 1.2572 గ్రాములు తూగింది. రసాయన పదార్థాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ 1.2505 గ్రాములు తూగింది. తేడా ఒక గ్రాములో వెయ్యోవంతులు ఏడు కూడా లేదు. మనమైతే త్రాసు లోపం అనుకుని వదిలేస్తాం. ఆయన వదలలేదు. ఒక శుద్ధ పదార్థానికి, ఒకే ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర రెండు సాంద్రతలు ఉండకూడదు. ఉన్నాయంటే రెంటిలో ఒకటి మిశ్రమం అయి ఉండాలి. 1894లో రేలీ, విలియం రామ్సే కలిసి ఆ దొంగను పట్టుకున్నారు. గాలి నుంచి తీసిన నైట్రోజన్‌లో ఇంకో వాయువు దాగి ఉంది. అది దేనితోనూ కలవని వాయువు. దానికి ఆర్గాన్ అని పేరు పెట్టారు.

పిల్లలూ, కాగితం తీసుకుని ఈ లెక్క వేసి చూడండి. గాలి నైట్రోజన్‌లో ఆర్గాన్ సుమారు నూటికి 1.18 వంతులు. నైట్రోజన్ అణుభారం 28, ఆర్గాన్‌ది 40. సగటు కడితే 28.14 వస్తుంది. దాన్ని 28తో భాగించి 1.2505తో హెచ్చించండి. దాదాపు 1.257 వస్తుంది. రేలీ త్రాసు చూపింది అదే! సాంద్రత, మిశ్రమం, అణుభారం అనే మూడు పాఠాలు ఈ ఒక్క లెక్కలో కలుస్తాయి.

ఆర్గాన్ ఇంకెక్కడైనా దొరుకుతుందా అని రామ్సే వెతుకుతున్నారు. యురేనియం ఉన్న ఒక రకం ఖనిజాన్ని ఆమ్లంతో వేడిచేస్తే వాయువు వస్తుందని ఆయనకు తెలిసింది. అమెరికాలో హిల్లెబ్రాండ్ అనే ఆయన అంతకు ముందే ఆ వాయువును చూసి, నైట్రోజన్ అనుకుని ఊరుకున్నారు. 1895 మార్చిలో రామ్సే క్లీవైట్ అనే ఖనిజం నుంచి ఆ వాయువు తీసి, గాజు గొట్టంలో నింపి, విద్యుత్తు పంపి, వర్ణపటదర్శినిలో చూశారు. పసుపుపచ్చ గీత కనిపించింది. సోడియం గీత కాదు, దాని పక్కది. క్రుక్స్ కొలిచి ధ్రువపరిచారు. 27 ఏళ్లుగా సూర్యుడిలో ఉందని చెప్పుకున్నది లండనులో గాజు గొట్టంలో వెలిగింది.

ఆ తరవాత 1898లో రామ్సే, ఆయన సహాయకుడు మోరిస్ ట్రావర్స్ కలిసి ద్రవీకరించిన గాలి నుంచి క్రిప్టాన్, నియాన్, జినాన్ వెలికితీశారు. ఆవర్తన పట్టికలో ఒక కొత్త నిలువు వరసే పుట్టింది. మా రోజుల్లో దాన్ని సున్నా గ్రూపు అనేవాళ్లం. ఇప్పుడు 18వ గ్రూపు అంటారు. సున్నా అనడానికి కారణం వాటి సంయోజకత సున్నా కావడమే. బయటి కక్ష్య నిండి ఉంటుంది కనుక సాధారణంగా ఎలక్ట్రాన్ ఇవ్వవు, పుచ్చుకోవు, పంచుకోవు. ఇక్కడ పరీక్షల్లో ఒక చిక్కు ప్రశ్న వస్తుంటుంది. "హీలియం బయటి కక్ష్యలో రెండే ఎలక్ట్రాన్లున్నాయి. బెరీలియం, మెగ్నీషియంలకూ రెండే. మరి హీలియంను వాటి గ్రూపులో ఎందుకు పెట్టలేదు?" మొదటి కక్ష్యలో పట్టేది రెండే. రెండుతోనే అది నిండిపోయింది. మెగ్నీషియం బయటి కక్ష్యలో రెండున్నా అది నిండలేదు, కనుక ఆ రెంటినీ వదులుకుంటుంది. ఎన్ని ఉన్నాయన్నది కాదు, నిండిందా లేదా అన్నది చూడాలి.

బెంగళూరు శ్రోతలకు ఒక మాట. జంషెడ్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థను ఎక్కడ పెట్టాలో సలహా చెప్పడానికి 1900లో మన దేశానికి వచ్చినవారు ఈ రామ్సేయే. బెంగళూరు అనుకూలమని చెప్పింది ఆయనే. 1909లో ఏర్పడిన ఆ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తొలి డైరెక్టరు ఈ ట్రావర్స్. పీరియాడిక్ టేబుల్ చార్టు చివరి నిలువు వరస చూసినప్పుడు ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

ఇంకో చిక్కు మిగిలింది. దేనితోనూ కలవని వాయువు రాతిలోకి ఎలా చేరింది? రాయి లోపలే పుట్టింది. యురేనియం, థోరియం వంటి బరువైన పరమాణువులు తమంతట తాము విరిగి ఆల్ఫా కణాలను వెలువరిస్తాయి. రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ కలిసి ఒక అందమైన ప్రయోగం చేసి 1909లో ప్రకటించారు. ఆల్ఫా కణాలు మాత్రమే దాటగలిగినంత పలచని గాజు గొట్టంలో రేడియోధార్మిక వాయువు పెట్టారు. దాని చుట్టూ ఖాళీ గొట్టం పెట్టారు. కొన్ని రోజులు ఆగి బయటి గొట్టంలో విద్యుత్తు పంపి చూస్తే మళ్లీ మన పసుపుపచ్చ గీతే కనిపించింది. ఆల్ఫా కణం అంటే హీలియం కేంద్రకం. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. పరమాణు సంఖ్య 2, ద్రవ్యరాశి సంఖ్య 4.

కన్యాకుమారి జిల్లా మనవాళకురిచ్చి తీరంలో, ఒడిశాలో గంజాం జిల్లా ఛత్రపురం తీరంలో మొనజైటు అనే ఖనిజం కలిసిన ఇసుక ఉంది. మొనజైటులో థోరియం ఉంటుంది. థోరియం ద్రవ్యరాశి సంఖ్య 232, పరమాణు సంఖ్య 90. ఒక ఆల్ఫా కణం పోతే మిగిలేది 228, 88. అది రేడియం. సమీకరణంలో పైన అంకెలు రెండు వైపులా సరిపోవాలి, 228కి 4 కలిపితే 232. కింద అంకెలూ సరిపోవాలి, 88కి 2 కలిపితే 90. ఇంతే లెక్క. థోరియం సగం తరగడానికి సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఆ ఇసుక రేణువుల్లో హీలియం మెల్లగా, ఇప్పటికీ పుడుతూనే ఉంది. బరంపురం పిల్లలు సముద్రానికి వెళ్లినప్పుడు చూసే నల్లని ఇసుక చారల వెనక ఇలాంటి సంగతులున్నాయి.

ఇలా నేలలో పుట్టిన హీలియం గాలిలోకి చేరితే ఏమవుతుంది? గాలిలో పది లక్షల వంతుల్లో అది ఐదు వంతులే. మిగతాది ఏమైంది? ఒకే ఉష్ణోగ్రత దగ్గర అన్ని వాయువుల అణువులకూ సగటు గతిజశక్తి ఒకటే. గతిజశక్తి ద్రవ్యరాశి మీద, వేగం వర్గం మీద ఆధారపడుతుంది. నైట్రోజన్ కన్నా హీలియం ఏడు రెట్లు తేలిక. కనుక దాని వేగం ఏడుకి వర్గమూలమంత, అంటే సుమారు 2.6 రెట్లు ఎక్కువ. పై వాతావరణానికి చేరిన హీలియంలో వేగం బాగా ఎక్కువగా ఉన్న పరమాణువులు భూమి ఆకర్షణను తప్పించుకుని పోతాయి.

తిరునాళ్లలో అమ్మే బుడగ సంగతి కూడా చూద్దాం. సున్నా డిగ్రీల దగ్గర, సాధారణ పీడనంలో లీటరు గాలి 1.29 గ్రాములు, లీటరు హీలియం 0.18 గ్రాములు. పది లీటర్ల బుడగ పక్కకు నెట్టే గాలి బరువు 12.9 గ్రాములు. లోపలి హీలియం 1.8 గ్రాములు. తేడా 11.1 గ్రాములు. రబ్బరు, దారం కలిసి అంతకన్నా తక్కువ తూగితే బుడగ పైకి పోతుంది. ఆర్కిమెడిస్ సూత్రం నీటికే కాదు, గాలికీ వర్తిస్తుంది. హైడ్రోజన్ నింపినా బుడగ లేస్తుంది, ఇంకా బాగా లేస్తుంది. కానీ అది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. హీలియం మండదు. ఎందుకు మండదో ఇందాకటి నిండిన కక్ష్య చెబుతుంది.

చివరగా చలి పాఠం. హీలియం పరమాణువుల మధ్య ఆకర్షణ బహు స్వల్పం. అందుకని దాన్ని ద్రవంగా మార్చడం అన్నిటికన్నా కష్టమైంది. 1908 జులై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ ఆ పని సాధించారు. ఆయన వాడిన హీలియం కూడా మొనజైటు ఇసుక నుంచి తీసినదే. దాని మరుగు స్థానం 4.2 కెల్విన్. 273 తీసేస్తే సెల్సియస్‌లో మైనస్ 269 డిగ్రీలు. 1911లో అదే చలిలో పాదరసం విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవడం ఆయన చూశారు. అది అతివాహకత. ఆస్పత్రుల్లో ఎమ్మారై స్కానింగ్ యంత్రం లోపలి అయస్కాంతాలు చాలావాటిని ఈ ద్రవ హీలియమే చల్లగా ఉంచుతుంది.

ఇంతవరకు చెప్పుకున్న కథలో ఎన్ని పాఠాలు వచ్చాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. వక్రీభవనం, వర్ణపటం, పరమాణు నిర్మాణం, మూలకం, మిశ్రమం, సాంద్రత, ఆవర్తన పట్టిక, సంయోజకత, రేడియోధార్మికత, గతిజశక్తి, ఆర్కిమెడిస్ సూత్రం, ఉష్ణోగ్రత కొలమానాలు. ఇవన్నీ పుస్తకంలో వేరువేరు అధ్యాయాలు. ప్రకృతిలో వేరువేరు కావు.

ఇక పరీక్షకు మిగిలిన రోజుల్లో చెయ్యదగినవి మూడు చెబుతాను. మొదటిది, ప్రతి నిర్వచనం పక్కన "ఇది ఏ చిక్కు తీర్చడానికి పుట్టింది" అని ఒక ప్రశ్న రాసుకోండి. సాంద్రత లేకపోతే రేలీ దొంగను పట్టేవారా? ప్రశ్న గుర్తుంటే జవాబు దానంతట అదే వస్తుంది. రెండోది, దగ్గరదగ్గరగా కనిపించే మాటలను జంటలుగా పెట్టి తేడా చెప్పుకోండి. పరమాణు సంఖ్య, ద్రవ్యరాశి సంఖ్య. మిశ్రమం, సమ్మేళనం. బాష్పీభవనం, మరగడం. సోడియం గీతకూ హీలియం గీతకూ ఉన్నంత తేడాయే వీటి మధ్యా ఉంటుంది. మార్కులు పోయేది అక్కడే. మూడోది, పుస్తకం మూసి ఇంట్లో ఒకరికి తెలుగులో చెప్పండి. కన్నడంలో చదివినా, ఇంగ్లీషులో చదివినా సరే. మాట మార్చి చెప్పగలిగారంటే విషయం మీదైపోయినట్టే. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలోని పదాలే రాయండి.

అమ్మలకూ, నాన్నలకూ, తాతయ్యలకూ ఒక మనవి. మాకు ఆ భాష రాదు, ఆ సైన్సు రాదు అని వెనక్కి తగ్గకండి. మీకు జవాబులు తెలియనక్కరలేదు. పొయ్యి మీద ఉప్పునీళ్లు పొంగినప్పుడు పిల్లవాడిని పిలిచి, "మంట ఎందుకురా ఇలా పచ్చబడింది?" అని అడగండి చాలు. వాడు ఊగడం ఆపి, లేచి వచ్చి, ఒక్క నిమిషం ఆలోచించి మీకు చెబుతాడు. ఆ ఒక్క నిమిషమే అసలైన చదువు.

పరీక్షలు రాయబోతున్న పిల్లలందరికీ శుభాకాంక్షలు. సెలవు.